కనబడని గాజు, కాగితం పిట్టలు

గ్రంథాలయం, పిల్లల గది
మార్చి 4

తమ్ముడూ,

దీవెనలు తర్వాత, ముందు పార్సిల్ సంగతి. అట్టపెట్టెని కత్తితో కోయకు. లోపల నలభై మూడు పిట్టలున్నాయి. అన్నీ కాగితానివే, అన్నిటికీ రెక్కలు పైకి లేచి ఉంటాయి. టేపు నెమ్మదిగా ఊడదీయి. నీ తొందర నాకు తెలుసు కాబట్టి ఈ ఉత్తరం పెట్టె మీదే అంటిస్తున్నాను.

ఇవి మా శనివారం పిల్లలు చేసినవి. మందపాటి కాగితాన్ని మధ్యకి మడిచి, మడత మీద సగం పిట్ట గీసి కత్తిరిస్తారు. విప్పితే నిండు పిట్ట. ఒక రెక్క మీద తడితడిగా రంగులు పూసి, ఆరకముందే మళ్ళీ మడిచి అరచేత్తో గట్టిగా నొక్కితే రెండో రెక్క మీద అదే రంగు అచ్చు పడుతుంది. ఆ మడత విప్పేటప్పుడు మాత్రం గదిలో ఎవరూ మాట్లాడరు. లోపల ఏం తయారైందో రంగు పూసిన పిల్లకి కూడా ముందు తెలియదు. ఏడేళ్ళుగా చేయిస్తున్నా నాకూ తెలియదు. ఈ ఉద్యోగం మానకుండా ఉన్నది అందుకేనేమో.

చేసినవన్నీ దారాలు కట్టి పైకప్పుకి వేలాడదీశాం. దాంతో ఫ్యాను వేసుకోలేక ఉడికిపోయాం. నెలాఖరులోగా పైకప్పు ఖాళీ చేయమని గ్రంథాలయాధికారి మర్యాదగానే చెప్పారు, రెండుసార్లు. పిల్లలకి ఆ సంగతి చెబుతూ నోరుజారి, మా తమ్ముడు పనిచేసే భవనం గాజులకి పిట్టలు గుద్దుకుని పడిపోతుంటాయట అని చెప్పేశాను. అంతే, ప్రశ్నల పాప కత్తెర కింద పెట్టేసింది. దానికి తొమ్మిదేళ్ళు. ఈ గదికి వచ్చిన మొదటి రోజు నుంచీ నా బుర్ర తింటూనే ఉంది, అందుకని అందరూ దాన్ని అలాగే పిలుస్తారు.

"ఎగిరే పిట్టకి ఎదురుగా ఇంకో పిట్ట కనిపిస్తే ఆగుతుందా, టీచర్?" అని అడిగింది.

నాకు తెలియదన్నాను. అందుకే నీకు పంపుతున్నాను. మీ గాజులకి అంటించి చూడు. ఏం జరిగిందో ఫోనులో చెప్పకు. ఫోనులో నువ్వు "ఆ, సరే, ఉంటా" తప్ప నాలుగో మాట అనవు. ఉత్తరం రాస్తే పిల్లలకి చదివి వినిపిస్తాను.

మీ అక్క


ఆఫీసు భవనం, మెట్ల కింద గది
మార్చి 18

అక్కకి,

టేపు నెమ్మదిగానే ఊడదీశాను. ఒక పిట్టకి ముక్కు ఊడింది, ఆ పాపం పోస్టు వాళ్ళది. ఒకదానికి మీసాలున్నాయి, ఇంకోదానికి ఐదు కాళ్ళు. ఐదు కాళ్ళదాన్ని చూసి మా కాపలాదారు, ఇది ఎగరనక్కర్లేదు, నడిచి వెళ్ళిపోతుంది అన్నాడు. చేసిన వాళ్ళకి ఈ మాట చెప్పకు.

పిల్లలకి చదువుతానన్నావు కాబట్టి వివరంగా రాస్తున్నాను. మాది ఆరంతస్తుల భవనం, ముందు వైపంతా గాజే. ఎదురుగా రోడ్డు, రోడ్డవతల చెట్లున్న పార్కు. నేను ఇక్కడ గాజు తుడిచే వాళ్ళకి పెద్దని, పద్నాలుగేళ్ళ నుంచి. తాళ్ళకి కట్టిన పలక మీద నిలబడి పైనుంచి కిందికి దిగుతూ ముందు సబ్బునీళ్ళు కొడతాం, తర్వాత రబ్బరు పట్టీతో ఒకే లాగుడుగా నీళ్ళు లాగేస్తాం. మధ్యలో చెయ్యి ఆగితే గీత పడుతుంది. అంచుల్ని పొడిగుడ్డతో తుడిచేది మాత్రం నేనే, ఎవరికీ ఇవ్వను. నేను కడిగాక అక్కడ గాజు ఉందో లేదో తెలియదు. కిందటేడు ఒక అతిథి తలుపు అనుకుని నేరుగా నడిచి వచ్చి నుదురు బొప్పి కట్టించుకున్నాడు. మా పెద్దాఫీసరు దాన్ని నాకొచ్చిన మెప్పుగా అందరికీ చెప్పుకున్నారు.

ఇంకో మాట. జూన్‌లో ఇలాంటివే నాలుగు భవనాలు కొత్తగా తెరుస్తున్నారు. ఐదింటికీ కలిపి ఒక గాజు మేస్త్రీని పెడతారట. పెద్దాఫీసరు నా పేరే రాశారని విన్నాను. ఇది పిల్లలకి చదవక్కర్లేదు, నీకు.

పిట్టల సంగతికి వస్తాను. అంటించక ముందు వారం పదకొండు పడ్డాయి. పొద్దున్నే ఉద్యోగులు రాకముందు నేనే ఏరి తీస్తాను, ఎవరైనా చూస్తే బాధపడతారని. మీ నలభై మూడింటినీ మొదటి రెండంతస్తుల గాజులకి లోపలి వైపు అంటించాను. బయట అంటిస్తే కడిగినప్పుడు రంగులు కారిపోతాయి. ఈ వారం ఒక్కటే పడింది. కాబట్టి పిట్టని చూస్తే పిట్ట ఆగుతుందని ఆ పాపకి చెప్పు.

నీ తమ్ముడు


గ్రంథాలయం, పిల్లల గది
మార్చి 25

తమ్ముడూ,

నీ ఉత్తరం చదివితే గది ఎగిరిపోయింది. ఎప్పుడూ చేతులకి జిగురుతో ఉండే పిల్లాడు ఒకడున్నాడు, వాణ్ణి జిగురు అనే పిలుస్తాం. వాడైతే బల్ల ఎక్కి చప్పట్లు కొట్టాడు. నీకు గాజు మావయ్య అని పేరు కూడా పెట్టేశారు. మేస్త్రీ సంగతి చదవలేదు, నాలో నేనే మురిసిపోయాను. నీకు రావలసిందే అది.

ఒక్క ప్రశ్నల పాప మాత్రం చప్పట్లు కొట్టలేదు. ఆ ఒక్కటీ ఎందుకు పడింది అంటుంది. గోడకి పెద్ద కాగితం కట్టి గడులు గీసింది. ఏ రోజు పడింది, ఏ వేళప్పుడు, ఏ అంతస్తు, అక్కడికి దగ్గర్లో ఉన్న మన పిట్ట ఏ రంగుది, ఇవీ గడులు. అంతకుముందు వారం పదకొండు ఏ రోజు ఎన్ని పడ్డాయో కూడా కావాలట. నీ దగ్గర రాసి ఉందా? నిన్న నేను సంచీ సర్దుకుంటుంటే గుమ్మం దాకా వచ్చి మరీ గుర్తు చేసింది. దాని పోరు పడలేను, త్వరగా రాయి.

నాకూ తెలుసుకోవాలనే ఉంది. ఎరుపుని చూసి ఆగుతాయా, పసుపుని చూసి ఆగుతాయా? మీసాలకి భయపడ్డాయా?

మీ అక్క


ఆఫీసు భవనం
ఏప్రిల్ 3

అక్కకి,

పడింది గురువారం. తెల్లవారాక. రెండో అంతస్తు ఎడమ పక్క. దగ్గర్లో ఉన్న పిట్ట రంగు గుర్తులేదు. పాత వారం సంగతులు రాసి పెట్టుకోలేదు.

పిట్టలు పడటం తగ్గింది కదా, ఇంక ఆ విషయం వదిలేయి. పిల్లల చేత పడవలో టోపీలో చేయించు. ఇక్కడ పని ఎక్కువగా ఉంది. అందరూ కులాసా అని తలుస్తాను.

నీ తమ్ముడు


గ్రంథాలయం, పిల్లల గది
ఏప్రిల్ 11

తమ్ముడూ,

"కులాసా అని తలుస్తాను" అని నువ్వు నీ జన్మలో రాయలేదు. అక్షరాలు కూడా అచ్చు వేసినట్టున్నాయి. నువ్వు గుండ్రంగా రాశావంటే ఏదో దాస్తున్నావని అర్థం, బడిలో మార్కులు తగ్గినప్పటి నుంచీ ఇదే వరస. ఏమైంది? ఆరోగ్యం బాగుందా? ఆఫీసులో ఎవరైనా ఏమైనా అన్నారా? నాకు చెప్పకూడనిదైతే చెప్పకూడదని రాయి, అంతేకానీ నాకు పొడిపొడి కబుర్లు రాయకు.

నీ ఉత్తరం పిల్లలకి చదివాను, రెండు నిముషాల్లో అయిపోయింది. ప్రశ్నల పాప గడిలో గురువారం అని రాసుకుని, మిగతా గడులు చూసి పెదవి విరిచింది. తర్వాత ఏం చేసిందో చెప్తాను.

మన గది కిటికీకి లోపలి వైపు ఒక ఎర్ర పిట్టని అంటించి, నన్ను చెయ్యి పట్టుకుని బయటికి లాక్కెళ్ళింది. ఇద్దరం వీధిలో నిలబడి చూశాం. పిట్ట లేదు. నిజంగానే లేదు, తమ్ముడూ. గాజులో ఎదుటి చెట్టు ఉంది, మబ్బు ఉంది, నా తెల్ల జుట్టు ఉంది. ముఖం గాజుకి ఆనించి, రెండు చేతులూ అడ్డం పెట్టుకుని చూస్తే అప్పుడు కనబడింది ఎర్ర పిట్ట, బావి అడుగున ఉన్నట్టు. పక్క కిటికీ చాలాకాలంగా ఎవరూ తుడవనిది, దుమ్ము పట్టి ఉంది. దాంట్లో చెట్టు సరిగ్గా కనబడలేదు, గాజే కనబడింది. అది ఈ కిటికీ దగ్గరికీ ఆ కిటికీ దగ్గరికీ ఏడెనిమిదిసార్లు తిరిగింది. నేను దాని వెంట తిరిగాను. అరవై దగ్గర పడుతున్న మనిషిని వీధిలో కిటికీలకి మొహం ఆనిస్తుంటే ఎవరేమనుకున్నారో నాకు తెలియదు.

తర్వాత నీకో ప్రశ్న ఇచ్చింది, అది చెప్పినట్టే రాస్తున్నాను. "గాజు మావయ్య వాళ్ళ గాజులో చెట్టు ఏ రోజు బాగా కనిపిస్తుంది?"

మీ అక్క


ఆఫీసు భవనం, మెట్ల కింద గది
ఏప్రిల్ 20

అక్కా,

అడ్డంగా దొరికిపోయాను. ఒక్కటి కాదు, తొమ్మిది. మీ పిట్టల్ని అంటించిన వారం తొమ్మిది పడ్డాయి, తర్వాతి వారం పది. నలభై మూడు పిట్టలు చేసిన చేతులకి ఏం లాభం లేదని ఎలా రాయను? నువ్వేమో చదివి వినిపిస్తానన్నావు. ఒక్కటి అని రాస్తే సరిపోతుంది, మళ్ళీ ఎవరు అడుగుతారు అనుకున్నాను. ఆ పాప సంగతి తెలియక అనుకున్నాను.

రాసి పెట్టుకోలేదన్నది కూడా అబద్ధమే. మా దగ్గర కడిగిన రోజులు రాసే పుస్తకం ఉంది. ఏడాదిన్నర నుంచి దాని అంచులోనే చిన్నగా పిట్టల సంఖ్య కూడా వేస్తున్నాను. ఎందుకు వేశానో నాకే తెలియదు, ఏరిన చేతికి ఏదో ఒకటి రాయాలనిపించింది. ఏ రోజు అని మీ వాళ్ళు అడిగాక ఆ పుస్తకం తీశాను. గురువారం, గురువారం, శుక్రవారం, గురువారం. మేము గాజు కడిగేది బుధవారం, అక్కా. శనివారానికి తగ్గిపోతున్నాయి. సోమ, మంగళవారాలకి పక్కన కట్టుబడి జరుగుతున్న చోటి దుమ్ము పేరుకుపోతుంది, అప్పుడు ఒక్కటీ లేదు. జనవరిలో పలకని దింపే మోటారు పాడై ఒక వారం కడగలేదు. ఆ వారం సున్నా. ఆ వారమే పెద్దాఫీసరు నన్ను పిలిచి, గాజు మాసిపోయిందని చీవాట్లు పెట్టారు.

ఈ గురువారం ఆ పాప చేసినట్టే నేనూ రోడ్డవతలికి వెళ్ళి నిలబడి చూశాను. పద్నాలుగేళ్ళలో అటునుంచి ఎప్పుడూ చూడలేదు. ఎప్పుడూ గాజుకి జానెడు దూరంలో ఉండి మరకలే వెతికాను. పార్కులో చెట్లన్నీ నా గాజులో ఉన్నాయి. అసలు చెట్లకన్నా బాగున్నాయి, పచ్చగా, చల్లగా. నేనే పిట్టనైతే నేనూ అటే వెళ్ళేవాణ్ణి. చూస్తుండగానే ఒకటి వెళ్ళింది. ఆ చప్పుడు రోడ్డవతల ఉన్న నాకు కూడా వినబడింది.

నాకు చాలా సిగ్గుగా ఉంది. ఏరి తీసేవాణ్ణి నేనే కాబట్టి వాటికి నేనే దిక్కు అనుకునేవాణ్ణి. వాటిని చంపుతున్నదీ నేనే. ఎంత బాగా కడిగితే అన్ని. పద్నాలుగేళ్ళకీ ఎన్నో లెక్క వేయబోయి పుస్తకం మూసేశాను.

ఇది పిల్లలకి చదవకు. నన్ను మావయ్య అంటున్నారు. మేస్త్రీ పని వస్తే ఐదు భవనాల గాజూ నా చేతిలోనే ఉంటుంది. వచ్చే నెల దాని మీద సంతకాలట. ఏం చేయాలో తోచడం లేదు.

నీ తమ్ముడు


గ్రంథాలయం, పిల్లల గది
ఏప్రిల్ 29

తమ్ముడూ,

చదివేశాను. తిట్టుకో.

చదవకూడదనే అనుకున్నాను. శనివారం పొద్దున గడుల కాగితం ముందు నిలబడి ప్రశ్నల పాప, "ఒక్కటే పడిందన్నది నిజమేనా టీచర్?" అని నన్ను సూటిగా అడిగింది. నీళ్ళు నమిలాను. అది నా మొహం చూసి ఊరుకుంది, ఇంకేమీ అడగలేదు. ఆ పిల్ల అడగకుండా ఊరుకోవడం నేను మొదటిసారి చూశాను, తట్టుకోలేకపోయాను. అందర్నీ కూర్చోబెట్టి మొదటి నుంచి చివరిదాకా చదివాను, మేస్త్రీ సంగతితో సహా.

జిగురు ఏడ్చాడు. ఇంకో పిల్ల, ఇకమీద పిట్టలు చేయను అంది. ఒకడు నువ్వు చెడ్డవాడివా అని అడిగాడు. మా తమ్ముడు చెడ్డవాడు కాదు, పని బాగా చేసేవాడు అన్నాను. అన్నాక నాకే అది జవాబులా అనిపించలేదు. ప్రశ్నల పాప లేచి గడుల కాగితం దగ్గరికి వెళ్ళింది.

తర్వాత, "ఇన్నాళ్ళూ ఆయనకి తెలియదు. ఇప్పుడు తెలిసింది కదా. మరి వచ్చే బుధవారం ఏం చేస్తారు?" అంది.

అందరూ నా వైపు చూశారు. ఆ జవాబు, తమ్ముడూ, నీ దగ్గర ఉంది. పదవి వదులుకోమని నేను చెప్పను, ఎన్నేళ్ళు తాళ్ళ మీద వేలాడితే ఆ మాట వచ్చిందో నాకు తెలుసు. పిట్టల విషయంలో నీ మీద కోపం లేదు. నాకు అబద్ధం రాసినందుకు ఉంది, అది కూడా ఎక్కువ రోజులు ఉండదు.

దీంతో ఒక కట్ట పంపుతున్నాను. చెత్త అనుకుని పారేయకు. పిట్టల్ని కత్తిరించాక మిగిలిన కాగితాలివి, మధ్యలో పిట్ట ఆకారంలో కన్నాలున్నవి. లోపల అంటిస్తే కనబడదు, బయట అంటిస్తే కారిపోతుంది. అలాంటప్పుడు కన్నం కాగితాన్ని బయటి నుంచి గాజుకి ఆనించి, స్పాంజితో సుద్ద ముద్ద అద్దితే గాజు మీదే పిట్ట పడుతుంది కదా అని పిల్లల ఆలోచన. ఇక్కడ కిటికీ మీద చేసి చూశాం, పడింది. వానకి పోతే మళ్ళీ అద్దుకోవచ్చు. తడికి చిరగకుండా జిగురు అన్నిటికీ మైనం రుద్దాడు.

ఒక పిట్టకీ ఇంకో పిట్టకీ మధ్య నాలుగు వేళ్ళకన్నా ఎక్కువ సందు వదలొద్దట. మన గది కిటికీ ఊచల మధ్య సందు అంతే, దాంట్లోంచి పిచ్చుక రెక్కలు ముడుచుకుని దూరిపోవడం ప్రశ్నల పాప చూసింది. నలభై మూడు పిట్టల మధ్య ఏనుగులు దూరేంత సందు ఉండి ఉంటుంది అని నీ అంటింపు పని మీద తీర్పు చెప్పింది.

మీ అక్క


ఆఫీసు భవనం, మెట్ల కింద గది
మే 16

అక్కా,

ముందు చేయని పని చెప్తాను. నీ ఉత్తరం మంగళవారం చేరింది. బుధవారం ఎప్పటిలాగే కడిగాను. ధైర్యం చాలలేదు. కట్ట నా బల్ల మీదే ఉంది, దానివైపు చూడకుండా గుడ్డ తీసుకుని వెళ్ళిపోయాను. గురువారం ఆరు పడ్డాయి. ఆరోది నా చేతిలో ఇంకా వెచ్చగా ఉంది. దాన్ని కింద పెట్టి, చేతులు కడుక్కోకుండానే పెద్దాఫీసరు గదికి వెళ్ళాను.

పుస్తకం చూపించాను, అంచులో అంకెలతో సహా. ఆయన మంచివారే, అన్నీ ఓపిగ్గా విన్నారు. గాజు కడగడం మానను, కానీ కడిగిన వెంటనే దాని మీద పిట్టల్ని అద్దుతాను, అనుమతి కావాలన్నాను. పిల్లలు పంపిన కన్నం కాగితాలు చూపించాను. మీసాల పిట్ట కన్నాన్ని అటూ ఇటూ తిప్పి చూసి పక్కన పెట్టారు.

"నిన్ను ఇక్కడ పెట్టుకుంది గాజు కనబడకుండా ఉంచడానికయ్యా" అన్నారు.

"అలాగే ఉంచాను సార్. వాటికీ కనబడలేదు" అన్నాను.

పుస్తకం మళ్ళీ తిరగేశారు. తర్వాత, మొదటి రెండంతస్తులు, ఒక్క నెల, చూద్దాం అన్నారు. నేను తలుపు దాకా వచ్చాక, మేస్త్రీ పనికి మాత్రం వేరే పేరు పంపుతానని చెప్పారు. కొత్త భవనాల వాళ్ళకి సుద్ద పిట్టల మనిషిని పంపితే నవ్వుతారట. సోమవారం కాగితం వచ్చింది, నా కింద పనిచేసిన అతనికే ఇచ్చారు. బాధ లేదని రాయను, నీకు రాసిన అబద్ధాలు చాలు. రెండు రోజులు అన్నం సహించలేదు.

నిన్న బుధవారం. పొద్దున్నే రెండంతస్తులూ కడిగాను, ఎప్పటికన్నా బాగా. అంచులు పొడిగుడ్డతో తుడిచాను. అలాంటి గాజు మీద మొదటి స్పాంజి ముద్ద వేయడానికి నా చెయ్యి రాలేదు, అక్కా. చివరికి కళ్ళు మూసుకుని అద్దాను. కాగితం తీస్తే కింద ఐదు కాళ్ళ పిట్ట ఉంది. నవ్వొచ్చింది, ఆ తర్వాత చెయ్యి దానంతటదే నడిచింది. నాలుగు వేళ్ళు పెట్టి కొలుచుకుంటూ సాయంత్రం దాకా అద్దాను. రోడ్డు మీద జనం ఆగి చూశారు. ఒకాయన ఇది ఏ ప్రకటన అని అడిగాడు.

ఈ పొద్దున తెల్లవారక ముందే రోడ్డవతలికి వెళ్ళి నిలబడ్డాను. గాజు చూస్తే ఘోరంగా ఉంది. నా కింద పనిచేసే వాళ్ళు ఇలాంటిది చేసి ఉంటే మళ్ళీ కడిగించేవాణ్ణి. ఎండ పడింది. పార్కులోంచి ఒకటి లేచింది, చిన్నది, బూడిదరంగుది. నేరుగా రెండో అంతస్తు వైపు వెళ్ళింది. గాజుకి రెండు బారల దూరంలో ఒక్కసారి రెక్కలు వెనక్కి విప్పి, పక్కకి తిరిగి, భవనం మీదుగా వెళ్ళిపోయింది.

పద్నాలుగేళ్ళుగా ఈ గాజు ఎవరికీ కనబడకూడదనే కడిగాను. ఈ పొద్దున అది చూసింది, అక్కా. నా గాజుని చూసింది. పిల్లలకి చదువు.

నీ తమ్ముడు